బ్లాంకు పెట్టని పదకొండు రోజులు

మా కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో ఫ్రీజరుకు తాళం ఉండేది. తాళంచెవి మా మేడం హ్యాండ్‌బ్యాగులో ఉండేది. ఫ్రీజరు పై అరలో ఒక స్టీలు డబ్బా, దాని లోపల బొటనవేలంత సీసా, సీసా అడుగున చిటికెడు తెల్లటి పొడి. ఆ పొడి లైపేజు అనే ఎంజైము. బాక్టీరియా నుంచి తీసి, శుద్ధి చేసి, పరిశోధన ల్యాబుల కోసం ఒక కంపెనీ వాళ్ళు అమ్ముతారు. అమలాపురం దాకా అది ఐసు పెట్టెలో వచ్చింది. ఏటా ఎమ్మెస్సీ రెండో ఏడాది వాళ్ళకు మేడం ఆ సీసాను ఒకసారి చూపించి, ఎవరి చేతికీ ఇవ్వకుండా మళ్ళీ లోపల పెట్టి తాళం వేసేవారు.

నూనె గానీ వెన్న గానీ, ఏ కొవ్వయినా బాక్టీరియా లోపలికి పట్టనంత పెద్దది. అందుకని బాక్టీరియా ఈ ఎంజైమును తన ఒంట్లోంచి బయటికి వదులుతుంది. ఎంజైము కొవ్వును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను బాక్టీరియా పీల్చుకుంటుంది. ముక్కల్లో ఎక్కువ భాగం ఆమ్లాలు. కొవ్వు ఎంత విరిగితే అంత ఆమ్లం పుడుతుంది కాబట్టి, ఆమ్లాన్ని కొలిస్తే ఎంజైము ఎంత పని చేసిందో తెలుస్తుంది. నా ప్రాజెక్టు మొత్తం ఈ నాలుగు మాటల్లోనే ఉంది. ఇందులో పొరపాటు పడటానికి చోటెక్కడుందని అప్పట్లో అనుకునేదాన్ని.

సీసాలో పొడి పోల్చి చూసుకోవడానికి మాత్రమే. ఎవరి బాక్టీరియాను వాళ్ళే వెతుక్కోవాలి. కొవ్వు ఒలికే చోటు చూసుకుని అక్కడి మట్టి తెచ్చుకోమని మేడం చెప్పారు. నా బెంచీ పక్కన కూర్చునే అమ్మాయిది కాట్రేనికోన. ఆమె చేపలు ఎండబెట్టే చోటి ఇసుక తెచ్చుకుంది. నేను నాన్నగారితో అంబాజీపేట వెళ్ళాను. మేం కొబ్బరి ఆడించుకునే మిల్లు అక్కడే ఉంది. మిల్లు గుమ్మం దగ్గర నేల నల్లగా, చెప్పు అంటుకుపోయేంత జిడ్డుగా ఉంది.

"ఏంటండీ, మట్టి కోసం వచ్చేరా? నూనె కోసం కాదా?" అన్నారు మిల్లు యజమాని.

నేను తలూపాను. నా బదులు నాన్నగారు చెప్పారు. "ఆయ్, మట్టేనండీ. కాలేజీలో పరీక్ష చేస్తారంటండీ."

"మా మిల్లు మట్టిలో పురుగులున్నాయని పేపర్లో వేయించెయ్యరు గదండీ?"

"మంచి పురుగులేనంటండీ. జిడ్డు తినేవంట."

"అయితే ఓ బస్తా పట్టుకెళ్ళండి. ఈ జిడ్డు కడగలేక మా ఆవిడ నన్ను తిట్టని రోజు లేదు. అమ్మాయిగారి చదువయ్యాక ఆ పురుగుల్ని కాస్త ఇటు తోలితే పుణ్యవుంటుంది."

నాన్నగారు నవ్వారు. నేను చెంచాతో మట్టి గీకి, ల్యాబులో శుభ్రం చేసి తెచ్చుకున్న సీసాలో వేసి, మూత బిగించి, తేదీ రాశాను. ఇంటికి వచ్చాక ఈ సంభాషణంతా డైరీలో రాసుకున్నాను. ల్యాబు రికార్డులో మాత్రం 'నూనె మిల్లు నేల మట్టి' అని ఒక్క ముక్కే ఉంది.

రెండు పుస్తకాలు రాయడం నాకు అప్పటికే అలవాటు. డైరీ తొమ్మిదో తరగతి నుంచి రాస్తున్నాను. నేను నలుగురిలో మాట్లాడను. మాట్లాడాల్సినవి ఇంటికి వచ్చి రాస్తాను. రికార్డు వేరు. అది మేడం పేజీ పేజీకీ సంతకం పెట్టే అట్టబైండు పుస్తకం, ఇంగ్లీషులో రాయాలి. అందులో మనుషులు ఉండరు. నూనె తీసుకోబడింది, వేడి చేయబడింది అని ఉంటుంది. ఆ నూనె ఎవరిచ్చారు, దాని వాసన ఎలా ఉంది, ఆ రోజు ఏ బస్సులో నిలబడి వచ్చాను అనేవన్నీ డైరీలోకి వెళ్ళేవి. ఆ పంపకం నాకు బాగుండేది.

మట్టిని నీళ్ళలో కలిపి, పలచన చేసి, కొవ్వు కలిపిన అగరు అనే జెల్లీ పోసిన పళ్ళేల మీద రాసి, వెచ్చటి అలమారలో పెట్టాను. ఆ పళ్ళేలు పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటాయి. మూడో రోజు తీసి చూస్తే, ఒక పళ్ళెంలో ఆవగింజంత చుక్క ఒకటి, దాని చుట్టూ తెలుపంతా విరిగి, అద్దంలా గుండ్రటి జాగా. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టుంది. అంటే ఆ చుక్కలోని బాక్టీరియా చుట్టుపక్కల కొవ్వును తినేస్తోందన్న మాట. మేడం కళ్ళద్దాలు పైకి తోసి చూసి, "మిల్లు వాళ్ళ జిడ్డు ఊరికే పోలేదమ్మా" అన్నారు. తర్వాత చేసిన పరీక్షల్లో అది సూడోమోనాస్ జాతిదని తేలింది.

ఇక కొలతలు. పుస్తకంలో ఆలివ్ నూనె వాడమని ఉంది. ల్యాబులో ఆలివ్ నూనె సీసా అంతకు ముందు బ్యాచి వాళ్ళు పూర్తి చేసేశారు.

"మన ఊళ్ళో కూచుని ఆలివ్ నూనేంటమ్మా," అన్నారు మేడం. "కొబ్బరి నూనె పెట్టు. మన సరుకు."

బజార్లో ఒక సీసా కొన్నాను. నూనెను నీళ్ళలో కలిపి, విడిపోకుండా బంక వేసి చిలికితే పాలలా అవుతుంది. అందులో బాక్టీరియా పెరిగిన ద్రవం పైతేట పోసి, అరగంట వెచ్చగా ఉంచి, ఆల్కహాలు పోసి ఎంజైము పనిని ఆపేస్తాం. అప్పుడు బ్యూరెట్టు అనే గీతల గాజు గొట్టంలోంచి క్షారం చుక్క చుక్కగా వదలాలి. ఆమ్లమంతా విరిగిపోయిన క్షణంలో ద్రవం లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎంత క్షారం పట్టిందన్నదే లెక్క.

దీంతో పాటు ఇంకో ఫ్లాస్కు పెట్టాలి. అందులోనూ అన్నీ అవే వేస్తాం, ఎంజైము మాత్రం పని చేయకుండా చూస్తాం. దాన్ని బ్లాంకు అంటారు. నూనెలో ముందే ఎంత ఆమ్లం ఉందో అది చెబుతుంది. ఆ అంకెను అసలు అంకెలోంచి తీసేయాలి. ప్రతి రోజూ, ప్రతి సారీ పెట్టాలని మేడం మొదటి రోజే బోర్డు మీద రాశారు. మొదటి వారం పెట్టాను. రోజూ ఒకే అంకె వచ్చింది, రెండు మూడు చుక్కలు, అంతే. మా ల్యాబులో కారకుండా పనిచేసే బ్యూరెట్టు ఒకటే ఉంది. దాని కోసం నేనూ కాట్రేనికోన అమ్మాయీ వంతులు వేసుకోవాలి. రెండో వారం నుంచి బ్లాంకు పెట్టడం మానేసి, పాత అంకెనే రాసుకుంటూ వచ్చాను. ఎవరైనా అడిగితే బ్యూరెట్టు ఖాళీ లేదని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

జనవరి అంతా బాక్టీరియాను వట్టి పోషకాల ద్రవంలో పెంచి కొలిచాను. ఫిబ్రవరిలో రెండో దశ. ఆ ద్రవంలో కొబ్బరి చెక్క పొడి కలిపి పెంచడం. చెక్క అంటే నూనె తీశాక మిల్లులో మిగిలే పిప్పి, పశువులకు పెట్టేది. అందులో ఇంకా కాస్త నూనె ఉంటుంది కాబట్టి, దాన్ని అందుకోవడానికి బాక్టీరియా ఎంజైమును మరింత వదులుతుందా అన్నది నా ప్రశ్న. సరిగ్గా రెండో దశ మొదలయ్యే రోజుకు బజార్లో కొన్న నూనె అయిపోయింది. మళ్ళీ కొట్టుకు వెళ్ళాలంటే కొట్టాయన "మొన్నేగదండీ కొన్నారు" అంటారు. దానికి నేను ఏదో చెప్పాలి. ఇంట్లో జాడీ నిండా నూనె ఉండగా ఎందుకులే అనుకున్నాను.

మా ఇంట్లో కొబ్బరి నూనె పింగాణీ జాడీలో ఉంటుంది. మా నాన్నగారి అమ్మ, అంటే మా మామ్మ, దాన్ని ఎప్పుడూ ఖాళీ కానివ్వదు. మిల్లులో ఆడించిన కొత్త నూనె రాగానే, అడుగున మిగిలిన పాత నూనె మీదే పోసేస్తుంది. నూనె జాడీ అడుగు కనపడితే ఇంటికి మంచిది కాదంటుంది. మా వీధిలో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. ఆ జాడీని కడగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మామ్మా, ఓ సీసా నూనె కావాలి."

"తలకా?"

"కాలేజీకి."

"కాలేజీకి నూనెందుకే? అక్కడ మీ చేత పిండివంటలేవన్నా చేయిస్తున్నారేంటి?"

"పురుగులకి, మామ్మా."

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. "తలకి రాసుకోమంటే పారిపోతావు, పురుగులకైతే సీసాడు కావాలా! సరే తీసుకో. అడుగంటా గోకెయ్యకు. ఇంత ఉంచు."

చలికి నూనె పైన తెట్టులా గడ్డకట్టి ఉంది. గరిటెతో కిందికంటా పొడిచి తీశాను. ఆ రోజు డైరీలో రాసిన మాటలు ఇవి: 'ఇవాళ ఇంటి నూనె పట్టుకెళ్ళాను. మామ్మ దెప్పింది. కొంచెం కనరు వాసన. ల్యాబులో ఎవరూ కనిపెట్టలేదు. అక్కడ అందరి తలలూ అదే వాసన.' రికార్డులో ఎప్పటిలాగే 'కొబ్బరి నూనె తీసుకోబడింది' అని రాశాను.

ఆ రోజు ఫ్లాస్కు ఎంతకీ గులాబీ రంగుకు తిరగలేదు. చుక్కలు పడుతూనే ఉన్నాయి. లెక్క చూస్తే జనవరి అంకెలకు మూడింతలు. మర్నాడూ అంతే. అలా పదకొండు రోజులు కొలిచాను. ఇరవై నాలుగు గంటలు పెరిగిన ఫ్లాస్కుకూ డెబ్బై రెండు గంటలు పెరిగిన ఫ్లాస్కుకూ పెద్ద తేడా లేదు. ఎంజైము చాలా స్థిరంగా ఉందని రాసుకున్నాను. ఎక్కువసేపు పెరిగినా తేడా ఎందుకు లేదని నన్ను నేనే ప్రశ్నించుకోవలసింది.

గ్రాఫు గీసి చూపిస్తే మేడం దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుగులో చూశారు.

"ఇదంతా చెక్క వల్లేనా?"

"ఆయ్ అండీ."

"నోరు విప్పకుండా ఎంత పని చేసేవమ్మా," అన్నారు.

విశాఖపట్నంలో మేడంతో చదువుకున్న ఒకావిడ ఒక పరిశోధన ల్యాబు నడుపుతున్నారు. బాక్టీరియా లైపేజుల మీదే ఆవిడ పని. అక్కడ ప్రాజెక్టు అసిస్టెంటు ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది. మేడం నా గ్రాఫును ఆవిడకు పంపారు. ఆవిడకు నచ్చింది. ఏప్రిల్‌లో ఇంటర్వ్యూకి రమ్మని కబురు వచ్చింది.

ఆ ఉద్యోగం నాకు కావాలి. ఇంకే కోరికనూ నేను డైరీలో అన్నిసార్లు రాయలేదు. నాకు చుట్టాలెవరూ లేని ఊళ్ళో ఉండాలని ఉండేది. ఇక్కడ నేను మాట్లాడకపోతే పొగరంటారు. ల్యాబులో అయితే పని చేసుకుంటోంది అనుకుంటారు. పైగా ఆ ల్యాబు పక్కనే పెద్ద లైబ్రరీ ఉందని మేడం చెప్పారు. అమలాపురం గ్రంథాలయంలో నాకు కావలసిన అరలు రెండూ నేను ఎప్పుడో చదివేశాను.

నాన్నగారు చాలా రోజులు ఆలోచించారు. చివరికి, "మేడంగారి స్నేహితురాలంటున్నారు కాబట్టి పంపిస్తానమ్మా," అన్నారు. "ఇదైతే సరే. ఇది రాకపోతే మాత్రం ఇక్కడే ఏ స్కూల్లోనో చేరు. ఊరికే ఆ ఊరూ ఈ ఊరూ తిరగడం నావల్ల కాదు."

మార్చి ఆఖరున థీసిస్ రాయడం మొదలుపెట్టాను. వాడిన ప్రతి పదార్థం ఎక్కడిదో రాయాలి. కొబ్బరి నూనె దగ్గర ఆగాను. ఏ కంపెనీదో రికార్డులో లేదు. సీసా కొన్న రోజు డైరీలో ఉంటుందని వెతికాను. అది దొరికింది. దానితో పాటు ఇంటి నూనె తెచ్చిన రోజూ దొరికింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు చూశాను. చెక్క కలిపిన రోజు, నూనె మారిన రోజు, అంకెలు పెరిగిన రోజు మూడూ ఒకటే.

మర్నాడు కాలేజీకి వెళ్ళి, సీసాలో మిగిలిన ఇంటి నూనెతో బ్లాంకు పెట్టాను. ఎంజైము పని చేయని ఫ్లాస్కు రెండు మూడు చుక్కలకే రంగు తిరగాలి. తిరగలేదు. చుక్కలు వదులుతూనే ఉన్నాను. రంగు వచ్చేసరికి, ఆ పదకొండు రోజులూ పట్టిన క్షారంలో మూడింట రెండు వంతులు దీనికే పట్టింది. పదకొండు రోజుల అంకెల్లోంచి దీన్ని తీసేస్తే మిగిలేది జనవరి అంకె, లేదా దాని దరిదాపు. పాత నూనె మీద కొత్త నూనె, దాని మీద ఇంకా కొత్తది పోస్తూ పోతే, అడుగున ఉన్నది చెడి ఆమ్లం చేరుతుంది. నేను కొలిచింది మా జాడీని.

"ఏంటే అలా నిలబడిపోయేవు?" అంది కాట్రేనికోన అమ్మాయి. "బ్యూరెట్టు పగిలిందా ఏంటి కొంపదీసి?"

ఫ్లాస్కు చూపించాను. రెండు వాక్యాల్లో చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది.

"అయితే ఇప్పుడేంటి?"

"మేడంకి చెప్పాలి."

"ఎందుకు? ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే ఏవైంది? రెండేళ్ళబట్టి నా పక్కన కూచుంటున్నావు. స్కేలు కావాలంటే అడగవు, నేను అటు తిరిగేదాకా ఆగి తీసుకుంటావు. అలాంటిదానికి సరిగ్గా ఇప్పుడే నోరొచ్చిందా?" గొంతు తగ్గించి మళ్ళీ అంది. "ఒసే, వెళ్ళి ఉద్యోగంలో చేరవే. అక్కడ మంచి నూనె పెట్టుకుని మళ్ళీ చేసుకో. ఎవరొద్దన్నారు?"

ఆ మాటలో తప్పేమిటో నాకు వెంటనే తోచలేదు. ఆ రోజూ మర్నాడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. డైరీలో పేజీకి నిలువుగా గీత గీసి, ఒక పక్క చెబితే ఏమవుతుందో, ఒక పక్క చెప్పకపోతే ఏమవుతుందో రాశాను. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఉద్యోగం వస్తుంది, తర్వాత ఒక రోజు ఆవిడ ఈ ప్రయోగాన్ని తన ల్యాబులో చేసి చూపించమంటారు. అక్కడి నూనెతో మూడింతలు రాదు. అప్పుడు కూడా నేను ఇలాగే నిలబడి ఉంటాను, కాకపోతే అప్పుడు నా చుట్టూ ఎవరూ తెలిసిన వాళ్ళు ఉండరు. ఇది భయమో నిజాయితీయో నాకు తేలలేదు. తేలలేదనే రాశాను.

మూడో రోజు స్టాఫ్ రూము దాకా రెండుసార్లు వెళ్ళి, గుమ్మంలోంచే తిరిగి వచ్చాను. తర్వాత జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, రికార్డులో పెట్టి, తీసుకెళ్ళి మేడం బల్ల మీద ఉంచి నిలబడ్డాను. ఆవిడ చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ఇంటి నూనా?"

"ఆయ్ అండీ."

"ఎన్నాళ్ళు?"

"పదకొండు రోజులండీ."

"బ్లాంకు రోజూ పెట్టమని బోర్డు మీద రాసేనా లేదా?"

"రాసేరండీ."

"మరి?"

బ్యూరెట్టు ఖాళీ లేదన్న జవాబు నోటిదాకా వచ్చింది గానీ, అది ఇప్పుడు చాలా చిన్నదిగా అనిపించింది.

మేడం రికార్డు తిప్పుతూ పోయారు. ఆ పదకొండు పేజీల్లోనూ కింద ఎర్ర సిరాతో ఆవిడ సంతకం ఉంది. "నేనేం చూసి పెట్టేనో ఇవి," అన్నారు. తర్వాత కొంచెంసేపటికి, "మా ఇంట్లో జాడీ కూడా అంతేనమ్మా. మా అత్తగారు ముట్టుకోనివ్వరు. ఇంటి నూనె అని నువ్వు అప్పుడే చెప్పినా, అబ్బో ఇంకేం, కల్తీ లేనిది అనేదాన్ని నేను."

ఫోను తీశారు. విశాఖపట్నం ఆవిడకు తనే చెబుతారేమో అనుకున్నాను. అటు పలికాక, "మా అమ్మాయి నీతో ఏదో చెప్పాలంట," అని ఫోను నా చేతిలో పెట్టారు.

నేను ఫోనులో మాట్లాడటం ఇంట్లో వాళ్ళకే వింత. కాగితం మీద రాసిందే చూసి చదివినట్టు చెప్పాను. ఆవిడ వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టారు.

"చెక్క కలపకుండా, ఆ ఇంటి నూనెతో కొలిచారా?"

"లేదండీ."

"చెక్క కలిపి, కొట్లో నూనెతో?"

"లేదండీ."

"అయితే ప్రస్తుతం మీ దగ్గర చెక్క గురించి ఉన్న ఫలితం ఏమిటి?"

"ఏమీ లేదండీ."

"సరే. ఇంటర్వ్యూ తేదీ మారదు. అప్పటికి ఏది ఉంటే అది పట్టుకుని రండి."

వారం కంటే తక్కువ గడువు ఉంది. కొట్టుకు వెళ్ళి కొత్త నూనె కొన్నాను. కొట్టాయన ఏమీ అనలేదు. చెక్క కలిపిన ఫ్లాస్కులు, కలపనివి ఒకే రోజు పెట్టాను. ప్రతి కొలతకూ బ్లాంకు పెట్టాను. కాట్రేనికోన అమ్మాయి తన వంతు బ్యూరెట్టు కూడా నాకు వదిలేసింది. "నా చేపలు ఎలాగూ చచ్చే ఉన్నాయి, నాలుగు రోజులు ఆగుతాయిలే" అంది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నన్ను దెప్పింది ఒక్కసారే, అదీ నేను తొందరలో ఫ్లాస్కు మీద పేరు రాయడం మరిచిపోయినప్పుడు.

చెక్క వల్ల ఎంజైము పెరిగిన మాట నిజమే. కానీ నాలుగో వంతు కూడా పెరగలేదు. గ్రాఫులో రెండు స్తంభాలు పక్కపక్కన నిలబెడితే, తేడా కనపడాలంటే కాగితాన్ని కాస్త దగ్గరగా పెట్టుకోవాలి.

ఇంటర్వ్యూకి నాన్నగారు కూడా వచ్చారు. రావులపాలెంలో బస్సు మారి వెళ్ళాం. గది బయట బల్ల మీద మరో ముగ్గురు ఉన్నారు. అందులో ఒకమ్మాయి ఇలాంటి ల్యాబులోనే రెండేళ్ళు పని చేసిందని ఆమె మాటల వల్ల తెలిసింది. లోపల ముగ్గురు కూర్చున్నారు. ఫోనులో మాట్లాడిన ఆవిడ మధ్యలో ఉన్నారు. అనుకున్నదానికంటే పొట్టిగా, చిన్నగా ఉన్నారు. ఆవిడ పక్కనున్న పెద్దాయన నా గ్రాఫులు రెండూ చెరో చేతిలో పట్టుకున్నారు.

"ముందు మూడింతలు అన్నారు. ఇప్పుడు ఇంతే అంటున్నారు. ఏది నమ్మమంటారు?"

"రెండోదండీ," అన్నాను. ఎందుకో చెప్పాను. జాడీ దగ్గర మొదలుపెట్టి, ఏ రోజు ఏ నూనె వాడానో, ఏ ఫ్లాస్కు దేనితో పోల్చకూడదో, ఎక్కడ ఆగి చూసుకుని ఉండాలో, ఇరవై నాలుగు గంటలకీ డెబ్బై రెండు గంటలకీ తేడా లేకపోవడం చూసి నేను ఎలా సంతోషపడ్డానో చెప్పాను. జాడీ ఎప్పుడూ కడగరన్నప్పుడు మూడో ఆయన నవ్వారు. మధ్యలో ఉన్నావిడ నవ్వలేదు, రాసుకున్నారు. కొత్త వాళ్ళ ముందు అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదటిసారి. బయటికి వచ్చాక రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. తిరుగు బస్సులో నాన్నగారు ఏమన్నారని అడిగారు. కబురు చేస్తామన్నారని చెప్పాను.

పది రోజుల తర్వాత మొదటి ఏడాది వాళ్ళ ప్రాక్టికల్స్ కోసం ల్యాబులో అగరు పళ్ళేలు పోస్తున్నాను. మేడం వచ్చి బల్ల అవతల నిలబడ్డారు.

"ఫోను వచ్చిందమ్మా."

నేను పోస్తూనే ఉన్నాను. అగరు చల్లారితే ఫ్లాస్కులోనే గడ్డకడుతుంది. మధ్యలో ఆపడానికి వీల్లేదు.

"వేరే అమ్మాయిని తీసుకున్నారంట. అనుభవం ఉన్న మనిషంట."

"ఆయ్ అండీ."

"నీ గురించి బాగానే చెప్పింది. కానీ..." అని ఆగారు. "నీకు చెప్పకూడదేమో గానీ, ఆ మొదటి గ్రాఫే ఉండుంటే నీకే వచ్చేదని నాకనిపిస్తోంది."

"నాకూ అలాగే అనిపించిందండీ."

మేడం హ్యాండ్‌బ్యాగు స్టూలు మీద పెట్టి, ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగారు. తొమ్మిదన్నాను. ఖాళీ పళ్ళేలు ఒక్కొక్కటే నా వైపు జరుపుతూ, పోసినవాటిని పక్కకు తీస్తూ నిలబడ్డారు.

సాయంత్రం నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బ్యాగు లోపల పెట్టకుండానే చెప్పాను.

"ఉద్యోగం రాలేదండి నాన్నగారూ."

ఆయన చేతిలో పేపరు మడిచారు. "మేడంగారు చెప్పేరా?"

"ఆయ్."

"నీ తప్పేవన్నా ఉందా?"

"ఉందండి." మొదట ఏం జరిగిందో, తర్వాత నేనేం చేశానో చెప్పాను. మామ్మ జాడీ గురించి చెప్పినప్పుడు ఆయన వంటింటి వైపు ఒకసారి చూశారు. అంతా విన్నాక, "మరి ఇక్కడ ఏ స్కూలు వాళ్ళతోనైనా మాట్లాడమంటావా?" అని అడిగారు.

"వద్దండి. ఇలాంటి ల్యాబుల్లోనే ఇంకోచోట అప్లై చేస్తాను."

"ఎక్కడ?"

"ఇంకా తెలీదండి."

ఆయన పేపరు మళ్ళీ విప్పారు. "తెలిసేక చెప్పు," అన్నారు.